పాత ఇల్లు కొని బాగుచేసి అమ్మితే మిగిలేదెంత? డ్యూటీ తగ్గించుకునే ముందు ఈ లెక్క చూడండి

ఇల్లు కట్టి చూడు.. పెళ్లి చేసి చూడు అంటారు పెద్దలు. ఇప్పుడు దానికి ఇంకో మాట కూడా కలపాలేమో! పాత ఇల్లు కొని, బాగుచేసి, అమ్మి చూడు.. అప్పుడు తెలుస్తుంది అసలు కష్టం.

ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియోలు వరసగా వస్తుంటాయి. పెచ్చులూడిన గోడ, విరిగిన కిటికీ.. అర నిమిషంలో అదే ఇల్లు తళతళా మెరిసిపోతుంది. కింద రేటు కూడా వేస్తారు. ఇంతకు కొన్నాం, ఇంతకు అమ్మాం అని. అది చూసి, నెలకు పాతిక వేల జీతానికి రోజంతా పనిచేసే మనిషికి ఒక ఆలోచన వస్తుంది. డ్యూటీ సగానికి తగ్గించుకుని మనమూ ఇదే చేస్తే ఎలా ఉంటుంది?

ఆలోచన తప్పు కాదు. లెక్క సరిగ్గా వేయకపోతేనే ప్రమాదం. నెల్లూరు జిల్లా సంగం లాంటి ఊళ్లో ఈ పని ఎలా ఉంటుంది? ఎంత మిగులుతుంది? ఎక్కడ దెబ్బ తగులుతుంది? ఆ వివరాలు ఇప్పుడు చూద్దాం.

సంగమే ఎందుకు?

నెల్లూరు నుంచి ఆత్మకూరు వెళ్లే 67వ నంబరు జాతీయ రహదారి మీద, పెన్నా ఒడ్డున ఉన్న మండల కేంద్రం సంగం. నెల్లూరుకు సుమారు 30 కిలోమీటర్ల దూరం. పెన్నా మీద కొత్తగా కట్టిన మేకపాటి గౌతమ్ రెడ్డి సంగం బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. బ్యారేజీతో పాటే వంతెన కూడా రావడంతో నదికి అవతలి వైపున్న పొదలకూరు దారి సులువైంది.

హైవే ఉంది, వంతెన ఉంది, మండల ఆఫీసులున్నాయి. ఇలాంటి ఊళ్లలో పాత ఇళ్లూ ఉంటాయి. పిల్లలు నెల్లూరుకో, చెన్నైకో, హైదరాబాద్‌కో వెళ్లిపోయాక తాళాలు పడ్డ ఇళ్లు అవి. పెంకుటిళ్లు, మిద్దెలు, ముప్పై నలభై ఏళ్ల కిందటి స్లాబు ఇళ్లు. బాగుచేసి అమ్మాలనుకునేవాళ్ల కన్ను పడేది వీటి మీదే.

అయితే హైదరాబాద్‌కీ సంగానికీ ఒక పెద్ద తేడా ఉంది. నగరంలో ఇల్లు అమ్మకానికి పెడితే చూసిపోయేవాళ్లు పది మంది వస్తారు. మండల కేంద్రంలో కొనేవాళ్లు తక్కువ. ఎవరో ఒకరికి ఆ వీధిలోనే, ఆ ముఖద్వారంతోనే, ఆ రేటులోనే ఇల్లు కావాల్సి రావాలి. అంతవరకూ ఆగాల్సిందే. ఈ ఆగడానికే అసలు ఖర్చు అవుతుంది. వీడియోల్లో కనపడనిది అదే.

కాగితం మీద లెక్క ఇలా ఉంటుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలే తప్ప సంగంలో నడుస్తున్న రేట్లు కావు.

నెల్లూరు వైపు ఇళ్ల స్థలాలను అంకణాల్లో చెబుతారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు వెళ్తే అంకణం 36 అడుగులే. బయటి ఊరి నుంచి వచ్చి బేరం ఆడేవాళ్లు ముందు ఇది తెలుసుకోవాలి. లేకపోతే లెక్క సగానికి సగం తేడా వస్తుంది.

25 అంకణాల స్థలంలో ఒక పాత ఇల్లు. అంటే 200 గజాలు. రేటు 14 లక్షలు అనుకుందాం. రిపేర్లకు 6 లక్షలు. బాగుచేశాక 26 లక్షలకు అమ్ముడుపోయింది. 26 లోంచి 14, 6 తీసేస్తే 6 లక్షలు లాభం. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు మిగతా ఖర్చులు రాద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో కొనుగోలు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం 7.5 శాతం. 14 లక్షల మీద ఇది 1,05,000 రూపాయలు. రాసుకున్న రేటు కంటే ప్రభుత్వ మార్కెట్ విలువ ఎక్కువగా ఉంటే, ఆ ఎక్కువ విలువ మీదే కట్టాలి.

రిపేరు 6 లక్షలన్నది మేస్త్రి నోటి మాట. పాత ఇంట్లో గోడ కొడితే లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. అందుకే 20 శాతం అదనంగా వేసుకోవాలి. అప్పుడు 7,20,000 అవుతుంది.

10 లక్షలు లోను తీసుకుంటే ఏడాదికి 10 శాతం చొప్పున తొమ్మిది నెలలకు వడ్డీ 75,000. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, తిరుగుళ్లు కలిపి 25,000. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ బ్రోకర్‌కు 1 శాతం చొప్పున 40,000.

అన్నీ కూడితే 23,65,000. ఇల్లు 26 లక్షలకే పోయింది కాబట్టి మిగిలింది 2,35,000. అంటే 6 లక్షలు అనుకున్నది సగం కూడా లేదు. పన్ను సంగతి ఇంకా మాట్లాడలేదు.

పోగొట్టుకున్న జీతం ఏ ఖాతాలో రాయాలి?

అసలు విషయం ఇక్కడుంది. ఇల్లు బాగుచేయించడానికి మనిషి దగ్గరుండాలి. మేస్త్రి వచ్చాడో లేదో చూడాలి, సిమెంటు తేవాలి, రిజిస్ట్రార్ ఆఫీసుకు తిరగాలి. అందుకే డ్యూటీ తగ్గించుకుంటారు.

నెలకు 24,000 సంపాదించే మనిషి సగం రోజులే పనికి వెళ్తే చేతికొచ్చేది 12,000. మిగతా 12,000 ప్రతి నెలా పోతున్నట్టే. తొమ్మిది నెలలకు 1,08,000. ఇది జేబులోంచి తీసి ఎవరికీ ఇవ్వం కాబట్టి ఖర్చులా అనిపించదు. కానీ ఇది కూడా ఆ ఇంటి మీద పెట్టిన పెట్టుబడే. 2,35,000 లోంచి తీసేస్తే మిగిలేది 1,27,000.

ఇప్పుడు ఇల్లు ఆరు నెలలు ఆలస్యంగా అమ్ముడుపోయింది అనుకుందాం. చిన్న ఊళ్లో ఇదేమీ వింత కాదు. ఆరు నెలల అదనపు వడ్డీ 50,000. ఆరు నెలలు రాని జీతం 72,000. రెండూ కలిపి 1,22,000. ఇక మిగిలేది ఎంతో తెలుసా? అక్షరాలా ఐదు వేల రూపాయలు. పదిహేను నెలల తిరుగుడుకు, టెన్షన్‌కు వచ్చిన ఫలం అది.

అదే మనిషి ఉద్యోగం పూర్తిగా మానేసి ఉంటే? పదిహేను నెలల జీతం 3,60,000. అప్పుడు లాభం కాదు కదా, 1,75,000 నష్టం. పైగా సొంతంగా పెట్టిన డబ్బు సగటున 12 లక్షలు అనుకుంటే, అది బ్యాంకులో 6.5 శాతానికి వేసినా పదిహేను నెలల్లో 97 వేల దాకా వచ్చేది.

మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు ఇక్కడ ఒక మాట అంటారు. పని మేమే చేసుకుంటాం కదా, కూలి మిగులుతుంది కదా అని. నిజమే, పనిలో నాణ్యత చేతిలో ఉంటుంది. కానీ ఆ రోజు బయట పనికి వెళ్తే వచ్చే కూలి రాలేదు. కాబట్టి తన కూలి కూడా రాసుకోవాలి. ఖాళీగా ఉండే రోజుల్లో, పనులు దొరకని నెలల్లో చేసుకుంటే మాత్రం అది నిజంగా మిగులే.

గ్రామకంఠం ఇల్లయితే లోను రాదు

పై లెక్కలో బ్యాంకు లోను దొరికింది అనుకున్నాం. ఊరి నడిమధ్య ఉండే పాత ఇళ్లకు చాలాసార్లు అదే దొరకదు. కారణం గ్రామకంఠం.

పూర్వం నుంచి జనం ఇళ్లు కట్టుకుని ఉంటున్న ఊరి స్థలాన్ని గ్రామకంఠం అంటారు. అందులో ఒక్కో ఇంటికి విడిగా సర్వే నంబరు గానీ, పట్టా గానీ ఉండదు. తాతల నుంచి ఉంటున్నాం అనే అనుభవం, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు.. ఇవే ఆధారాలు. ఇలాంటి ఇళ్ల మీద లోను ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. పల్లె ఇళ్లను డ్రోన్లతో కొలిచి యజమానులకు ప్రాపర్టీ కార్డులు ఇవ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. కొనబోయే ఇంటికి అలాంటి కార్డు ఉందా లేదా అన్నది పంచాయతీలో, సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి.

లోను రాకపోతే ఏం చేస్తారు? నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. రెండు రూపాయలంటే చిన్న మాటలా ఉంటుంది గానీ అది ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు నెలకు 20,000. పదిహేను నెలలకు 3 లక్షలు. బ్యాంకు వడ్డీ 1,25,000 ఉన్నచోట ఇది 3 లక్షలు అవుతుంది. అంటే ఆ మిగిలిన ఐదు వేలూ ఎగిరిపోయి 1,70,000 అప్పు మిగులుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనకు లోను రాని ఇంటికి, రేపు మన దగ్గర కొనేవాళ్లకూ లోను రాదు. రొక్కం ఉన్నవాళ్లే రావాలి. చేతిలో 26 లక్షలు పెట్టుకుని మండల కేంద్రంలో పాత ఇల్లు వెతికేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే టైల్స్ ఏ రంగు వేయాలన్నది తర్వాత. కొనేవాళ్లకు బ్యాంకు లోను వస్తుందా అన్నది ముందు.

అన్నదమ్ములు సంతకం పెడితే సరిపోదు

పాత ఇల్లు అంటే చాలాసార్లు తాతల ఆస్తి. అమ్మేవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు వచ్చి సంతకం పెట్టేస్తామంటారు. మరి అక్కచెల్లెళ్లు?

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. తర్వాత 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి దేశమంతటా ఆ హక్కు ఇచ్చారు. సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో సంబంధం లేదని, కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది.

కాబట్టి పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న ఆడబిడ్డ సంతకం లేకుండా కొన్న ఇల్లు, బాగుచేసి అమ్మబోయే సమయానికి కోర్టులో చిక్కుకోవచ్చు. కేసు పడిన ఇంటిని కొనేవాళ్లు ఉండరు, వడ్డీ మాత్రం ఆగదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, వారసులందరి సంతకాలూ ఉంటేనే ముందుకు వెళ్లాలి.

చూడాల్సిన కాగితాలు ఇంకా కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఈసీ చూసుకోవచ్చు. అంతకుముందు లావాదేవీలుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఇంటి స్థలం నిషేధిత జాబితాలో, అంటే అందరూ 22ఏ అని పిలిచే జాబితాలో ఉందేమో చూడాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను అమ్మడం, కొనడం మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. దేవాదాయ భూముల సంగతీ అంతే. తక్కువ రేటు అంటే ఒక్కోసారి కారణం ఇదే అవుతుంది.

రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుందని కొందరు అగ్రిమెంటు మీదో, జీపీఏ మీదో ఇల్లు తీసుకుని అలాగే ఇంకొకరికి అమ్మాలని చూస్తారు. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. ఆ 7.5 శాతం మిగిల్చుకోబోయి మొత్తానికే మోసం వస్తుంది. ఇంకో మాట.. స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించిన అడ్వాన్సు రొక్కంగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కు ద్వారానో, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానో జరగాలి.

గోడ మీద నీటి గుర్తు చూశారా?

కాగితాలు బాగున్నాక ఇల్లు చూడాలి. పెన్నా ఒడ్డు ఊళ్లలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. 2021 నవంబరులో ఈ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా? ఆ నెలలో పెన్నాకు వచ్చిన వరద నెల్లూరు జిల్లాను అతలాకుతలం చేసింది. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అప్పుడు ఎక్కడిదాకా నీళ్లు వచ్చాయో అమ్మేవాళ్లు చెప్పకపోయినా పక్కింటి పెద్దవాళ్లు చెబుతారు. గోడల కింది భాగంలో తెల్లగా ఉప్పు పేరుకుని, సున్నం రాలుతుంటే నిలవ తేమ ఉన్నట్టే.

సున్నంతో కట్టిన పాత గోడల మీద చాలామంది సిమెంటు ప్లాస్టరింగ్ చేయించేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ సున్నపు గోడలోని తేమ బయటికి పోవాలి. పైన సిమెంటు పూత బిగుసుకుంటే ఆ తేమ లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు పెచ్చులు లేస్తాయి. పాత గోడకు మళ్లీ సున్నపు పూతే మేలు. అలాంటి పని తెలిసిన మేస్త్రి దొరుకుతాడా అన్నది ముందే చూసుకోవాలి.

స్లాబు ఇల్లయితే పైకప్పు అడుగున చూడాలి. పెచ్చులూడి ఇనుము బయటపడి తుప్పు పట్టి ఉంటే అది రంగుతో పోయే జబ్బు కాదు. కర్ర దూలాలుంటే సన్నటి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడాలి. మెత్తగా దిగిపోతే లోపల చెదలు తినేసినట్టే. వెంట్రుక వాసి పగుళ్లకు భయపడక్కర్లేదు. తలుపులు, కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పైకి పాకే వెడల్పాటి పగులుంటే మాత్రం ఆగాలి. పగులుకు అడ్డంగా కాగితం ముక్క అతికించి కొన్ని వారాలు ఆగితే, అది చిరిగిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు ఇంజినీరును పిలిపించాలి. ఆయనకిచ్చే ఫీజు దండగ కాదు.

ఇక కాలం సంగతి. నెల్లూరు జిల్లాకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. పైకప్పు పనులు అక్టోబరుకు ముందే అయిపోవాలి. నవంబరులో పెంకులు దింపి కూర్చుంటే గోడలు కూడా నానిపోతాయి. నాట్లు, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు కూలీలు దొరకడం కష్టం. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు చూడ్డానికే ఎవరూ రారు. ఇవన్నీ కలిపితే తొమ్మిది నెలలన్నది పదిహేను నెలలు ఎందుకవుతుందో అర్థమవుతుంది.

ఖర్చు ఎక్కడ పెట్టాలి అంటే.. వంటగది, బాత్రూమ్, వైరింగ్, నీళ్లు. కొనేవాళ్లు ముందు చూసేవి ఇవే. వాస్తు కూడా చూస్తారు. వీధిపోటు ఉన్న ఇంటిని ఎంత అందంగా చేసినా కొందరు గుమ్మం దగ్గరి నుంచే తిరిగిపోతారు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత ఎస్టిమేట్లను ఒకసారి తిరగేసుకోవాలి. బిల్లులు మాత్రం తప్పకుండా తీసుకోవాలి. ఎందుకో కింద చూద్దాం.

పన్ను ఎంత?

కొన్న తేదీ నుంచి 24 నెలల్లోపు ఇల్లు అమ్మితే వచ్చిన లాభాన్ని స్వల్పకాలిక లాభం అంటారు. అది మిగతా ఆదాయంతో కలిసి, శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం. 2024 జులై 23 నుంచి దాని మీద 12.5 శాతం పన్ను, ద్రవ్యోల్బణం సర్దుబాటు ఉండదు.

కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి ఏడాది ఆదాయం 12 లక్షల వరకు రిబేటు ఉంది. శ్లాబు ప్రకారం పన్ను పడే ఆదాయానికే అది వర్తిస్తుంది. 12.5 శాతం లాంటి ప్రత్యేక రేటు ఉన్న దీర్ఘకాలిక లాభానికి ఆ రిబేటు రాదు. కాబట్టి చిన్న జీతగాడికి ఎప్పుడు అమ్మితే మేలు అన్నది ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోవాలి.

లాభం లెక్కించేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు, ఇంటిని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చు తీసేసుకోవచ్చు. కానీ బిల్లుండాలి. చేతి చీటీ మీద రాసిన మేస్త్రి లెక్క రేపు నిలబడటం కష్టం. ఒకటి తర్వాత ఒకటిగా ఇళ్లు కొని అమ్ముతుంటే దాన్ని వ్యాపార ఆదాయంగా చూసే అవకాశమూ ఉంది.

డ్యూటీ తగ్గితే పోయేది జీతం ఒక్కటే కాదు

నెలకు 21,000 లోపు జీతం ఉన్న చాలామంది కార్మికులకు ఈఎస్‌ఐ ఉంటుంది. అందులో జబ్బు చేసినప్పుడు వచ్చే నగదు సాయం కావాలంటే, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. నెలకు 13 రోజులు వెళ్తే సరిగ్గా 78. ఇంకో రెండు రోజులు తగ్గినా ఆ సాయం ఆగిపోతుంది. రిపేరు పనిలో నిచ్చెన మీది నుంచి పడేది సరిగ్గా అప్పుడే అయితే? ఇంట్లోవాళ్లు ఆలోచించాల్సిన విషయం ఇది.

పీఎఫ్ చందా తగ్గుతుంది. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి నాలుగేళ్లు దాటినవాళ్లు మానేసే ముందు తేదీ చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం.. జీతం స్లిప్పులు ఉన్నంతకాలం బ్యాంకు లోను అడగడం తేలిక. మానేసి సొంత పని అంటే రెండు మూడేళ్ల ఆదాయపన్ను రిటర్నులు అడుగుతారు. లోను అవసరమైతే అది మంజూరయ్యాకే డ్యూటీ విషయం ఆలోచించాలి. రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకులు సాధారణంగా ఇంటి విలువలో కలపవు, అది చేతి నుంచే పెట్టుకోవాలి. కాస్త ఊరట ఏంటంటే, ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనును ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు.

అంత పెద్ద కంపెనీకే తప్పలేదు

ఈ వ్యాపారంలో ధర అంచనా ఎంత కష్టమో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఉదాహరణ చాలు. ఇళ్ల ధరలు చెప్పే వెబ్‌సైట్‌గా పేరున్న జిల్లో 2018లో తానే ఇళ్లు కొని, చిన్నచిన్న రిపేర్లు చేసి అమ్మడం మొదలుపెట్టింది. దాని దగ్గర లేని డేటా లేదు, కంప్యూటర్లు లేవు. అయినా నెలల తర్వాత ఇల్లు ఎంతకు పోతుందో సరిగ్గా చెప్పలేకపోయింది. 2021 నవంబరులో ఆ విభాగాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అమ్మగలిగే రేటు కంటే ఎక్కువ పెట్టి ఇళ్లు కొన్నందుకు ఆ మూడు నెలల ఖాతాల్లోనే 30 కోట్ల డాలర్లకు పైగా విలువ కోసేసుకుంది. సంస్థలో నాలుగో వంతు సిబ్బందిని తగ్గించుకుంది.

ఆ కంపెనీకి వేల ఇళ్లు ఉన్నాయి. ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో రావచ్చు. సంగంలో ఒక్క ఇల్లు కొన్న మనిషికి ఆ ఒక్క ఇల్లే దిక్కు. కొత్త వంతెన పడింది కదా, ధర పెరుగుతుందిలే అనుకోవడం తేలిక. కానీ ఆ ఆశను అమ్మేవాళ్లు కూడా ముందే రేటులో కలిపి చెబుతారు.

మరి ఎవరికి కుదురుతుంది?

అలాగని ఈ పని ఎవరూ చేయకూడదని కాదు. తాళం పడ్డ ఇల్లు మళ్లీ దీపం పెట్టుకుంటే ఊరికీ మంచిదే. తెలిసిన వీధి, తెలిసిన మేస్త్రి, చేతిలో కొంత డబ్బు ఉన్నవాళ్లు నిదానంగా చేస్తే మిగులుతుంది. దానికో వరస ఉంది.

మొదటి ఇల్లు డ్యూటీ మానకుండానే చేయాలి. సెలవు రోజుల్లో, సాయంత్రాల్లో. నెమ్మదిగా అయినా ఫర్వాలేదు. ఎన్ని రోజులు పట్టింది, ఎన్నిసార్లు తిరిగారు, ఎస్టిమేట్ ఎంత దాటింది.. అన్నీ ఒక పుస్తకంలో రాయాలి. తర్వాతి ఇంటి లెక్కకు ఆ పుస్తకమే ఆధారం.

రెండోది, ఇంటి ఖర్చులకు కనీసం ఏడాదికి సరిపడా డబ్బు విడిగా పెట్టుకోవాలి. పిల్లల ఫీజు డబ్బులతో టైల్స్ కొనకూడదు. మూడోది, మొదటి ఇల్లు అమ్ముడుపోయి డబ్బు చేతికి వచ్చాకే రెండో ఇంటికి అడ్వాన్సు ఇవ్వాలి.

నాలుగోది, అమ్ముడుపోకపోతే అద్దెకైనా పోయే ఇల్లే కొనాలి. మండల కేంద్రం కాబట్టి ఉద్యోగులు, టీచర్లు అద్దె ఇళ్లు వెతుక్కుంటారు. అయితే అద్దెతో పెట్టుబడి వెనక్కి వస్తుందని మాత్రం అనుకోవద్దు. పై ఉదాహరణలోని ఇంటికి నెలకు 6,000 అద్దె వస్తే ఏడాదికి 72,000. పెట్టిన 23 లక్షల చిల్లర మీద అది 3 శాతం దగ్గరే. లోను వడ్డీ కూడా రాదు. ఆగడానికి ఊపిరి ఇస్తుంది, అంతే.

ఐదోది, డ్యూటీ తగ్గించుకోవాలనుకుంటే ఒకేసారి సగం కాకుండా వారానికి ఒక రోజుతో మొదలుపెట్టాలి. ఆ ఒక్క రోజులో ఇంటి పని వల్ల నిజంగా కలిసొచ్చింది ఎంత, పోయిన జీతం ఎంత అని రెండు మూడు నెలలు చూసుకోవాలి. కలిసొచ్చింది ఎక్కువైతేనే రెండో రోజు.

ఇక బేరానికి కూర్చునే ముందు చేయాల్సిన పని ఒక్కటే. కాగితం తీసుకుని ఇంటి రేటు, రిజిస్ట్రేషన్, రిపేరు, వడ్డీ, బ్రోకర్ ఖర్చు వరసగా రాయండి. వాటి కింద ఇంకో గీత గీసి, ఇంటికి రాకుండా పోయే జీతాన్ని పదిహేను నెలలకు లెక్కేసి రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. అన్నీ పోను మిగిలే అంకె చూసి వాళ్లు కూడా సరే అంటే.. అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.